ఇంకేదా, ఆరేదా, బిగిసేదా: గోటి రంగుల గుట్టు

ఆషాఢంలో పాలకొల్లు దగ్గర మా పుట్టింటికి వెళ్ళేసరికి అమ్మ పెరట్లో రోలు ముందు కూర్చుని ఉంది. పిసరంత చింతపండు, ఒక వక్క ముక్క వేసి రుబ్బిన గోరింటాకు వెన్నముద్దలా ఉంది. మా అన్నయ్య కూతురు చెయ్యి చాపింది. అరచేతి మధ్యలో చందమామ, చుట్టూ చుక్కలు పెట్టాక అమ్మ వేళ్ళకి టోపీలు పెట్టబోయింది. పిల్ల చటుక్కున వేళ్ళు ముడిచేసుకుంది.

"వేళ్ళకొద్దు నానమ్మా, నిన్ననే భీమవరం వెళ్ళి జెల్ వేయించుకున్నా."

"దాని మీదే పెడతానే. ఇంకా ఎర్రగా పండుద్ది."

"పండదు నానమ్మా. అది ప్లాస్టిక్ లాంటిది."

"గోళ్ళకి ప్లాస్టిక్ తొడుక్కోవడమేంటే!" అని అమ్మ నా వైపు తిరిగింది. "ఏమే, ఇది చెప్పేది నిజమేనా?"

ఇరవై ఏళ్ళుగా నెయిల్ పాలిష్ వేసుకుంటున్నాను గానీ, అప్పటికప్పుడు నా దగ్గర సమాధానం లేదు. తర్వాత పిల్లతో కలిసి అదే పార్లర్‌కి వెళ్ళినప్పుడు గోడ మీద రేట్ల పట్టిక చూశాను. జెల్, ఫ్రెంచ్, అక్రిలిక్, ఆల్మండ్, క్రోమ్, డిప్, క్యాట్ ఐ, కాఫిన్, ఓంబ్రే, ప్రెస్ ఆన్. అన్నీ ఒకే వరసలో. హోటల్ మెనూలో బిర్యానీ, అరిటాకు, ఉడకబెట్టడం ఒకదాని కింద ఒకటి రాసి రేటు వేసినట్టుంది. ఎవరికైనా తికమకే.

చిక్కు విప్పితే అందులో మూడు రకాల పేర్లు కలిసిపోయి ఉన్నాయి. జెల్, అక్రిలిక్, డిప్ అనేవి పదార్థాలు. ఫ్రెంచ్, క్రోమ్, క్యాట్ ఐ, ఓంబ్రే అనేవి డిజైన్లు. ఆల్మండ్, కాఫిన్ అనేవి గోటి ఆకారాలు, ఒకటి బాదం గింజలా, ఒకటి శవపేటికలా. (పెళ్ళికూతురికి శవపేటిక ఆకారమేమిటో! అందుకే కాబోలు, దాన్నే బాలెరీనా అని కూడా అంటారు.) డిజైన్ పేర్లు ఏటా మారతాయి. పదార్థాల సంగతి ఒక్కటి తెలిస్తే చాలు, మిగతావన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. గోటి మీద రంగు నిలబడే దారులు మూడే: గోట్లోకి ఇంకాలి, లేదా పైన ఆరాలి, లేదా పైన బిగుసుకోవాలి.

ఇంకేది

అమ్మ చేతిలోది మొదటి రకం. గోరింటాకులో లాసోన్ అనే రంగు పదార్థం ఉంటుంది. గోరు, చర్మం పైపొర, వెంట్రుక, ఈ మూడూ కెరాటిన్ అనే ప్రొటీన్‌తో తయారైనవి. లాసోన్ వెళ్ళి ఆ కెరాటిన్‌ని పట్టుకుంటుంది. ఆకుని మెత్తగా రుబ్బితే రంగు బయటికొస్తుంది, కాస్త పులుపు తోడైతే ఆ రంగు మెల్లగా, నిలకడగా వదులుతుంది. చింతపండో నిమ్మరసమో వేసేది అందుకే.

మరి అరచేతిలో చందమామ పది రోజులకి వెలిసిపోతే, గోటి మీది ఎరుపు నెలల తరబడి ఎందుకుంటుంది? చర్మం పైపొర రోజూ కొంచెం కొంచెం రాలిపోతుంది కాబట్టి. గోరు రాలదు, జరుగుతుంది. చేతి గోరు నెలకి సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. మొదలు నుంచి చివరి దాకా కొత్త గోరు రావడానికి ఆరు నెలలు పడుతుంది. కాలి గోళ్ళు అందులో సగం వేగంతో నడుస్తాయి. ఆషాఢంలో పెట్టుకున్న ఎరుపు అట్లతద్ది నాటికి సగం దాటి ముందుకి జరిగి, కొస వైపే మిగులుతుంది. మళ్ళీ గోరింటాకు పెట్టుకుంటే మొదట్లో కొత్త ఎరుపు, కొసన పాత ఎరుపు. మా చిన్నప్పుడు ఆ రెండు ఎరుపుల్నీ పక్కపక్కన పెట్టి పోల్చుకునేవాళ్ళం.

జెల్ మీద గోరింటాకు ఎందుకు పండదో ఇక చెప్పక్కర్లేదు. జెల్‌లో కెరాటిన్ లేదు, పట్టుకోవడానికి లాసోన్‌కి చోటు లేదు. లేతరంగు జెల్ అయితే పైపైన నారింజ మరక పడుతుంది, అంతే. మా వాళ్ళింట్లో పసుపు కూడా అలాంటి మరకలే వేసింది.

అరగంటలో నల్లగా పండుతుందని అమ్మే కోన్‌ల సంగతి వేరు. గోరింటాకు ఎప్పుడూ నల్లగా పండదు. ఆ నలుపు చాలాసార్లు పీపీడీ అనే జుట్టు రంగు రసాయనానిది, చేతుల మీద బొబ్బలు లేపగలదు.

ఆరేది

సీసాలో దొరికే మామూలు నెయిల్ పాలిష్ ఇది. అందులో నైట్రోసెల్యులోజ్ ఉంటుంది. ఒకప్పుడు కార్లకి వేసిన పెయింట్‌లోనూ ఇదే. దాన్ని ఇథైల్ అసిటేట్, బ్యూటైల్ అసిటేట్ లాంటి ద్రావకాల్లో కరిగించి రంగు కలుపుతారు. మనకి ఘాటుగా తగిలే వాసన ఆ ద్రావకాలదే. అవి ఎగిరిపోతే పల్చటి పొర మిగులుతుంది. గోడకి వేసిన రంగు ఆరడం లాంటిదే, కొత్త పదార్థమేదీ పుట్టదు. అందుకే రిమూవర్ తగలగానే మళ్ళీ కరిగి దూదికి వచ్చేస్తుంది.

మన డెల్టాలో దీనితో వచ్చే తంటా గాలిలోని తేమ. శ్రావణంలో జల్లు పడి వెలిసిన సాయంత్రం పాలిష్ వేసుకుని చూడండి. ద్రావకం ఎగిరేటప్పుడు పొర పైభాగం చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద చేరి రంగు పాలిపోయినట్టు తెల్లగా మసకబారుతుంది. ఫ్యాన్ కింద చెయ్యి పెడితే పైన చెక్కు కడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. ఆరిందనుకుని పడుకుంటాం. పొద్దున్న లేచేసరికి గోళ్ళ మీద దుప్పటి నేత అచ్చు పడి ఉంటుంది. ఒక మందపాటి పూత కన్నా రెండు పల్చటి పూతలు, మధ్యలో కాస్త ఓపిక, ఇంతకు మించిన కిటుకు లేదు.

గిన్నె నీళ్ళ మీద ఒక్కో రంగూ చుక్క వేసి, పుల్లతో లాగి, అందులో వేలు ముంచి తీసే వాటర్ మార్బుల్ ఈ రకం పాలిష్‌తోనే వస్తుంది. ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా కలిసిపోయేలా స్పాంజితో అద్దే ఓంబ్రే, హెయిర్ పిన్ను కొసతో పెట్టే చుక్కలు, అచ్చు పలక మీద నుంచి రబ్బరు ముద్రతో తీసి గోటి మీద దింపే స్టాంపింగ్, ఇవన్నీ ఇంట్లో కూర్చుని నేర్చుకోదగ్గవే. కుడిచేతి వాళ్ళకి కుడి చేతి గోళ్ళ మీద మాత్రం ఎన్నేళ్ళయినా వంకరగానే వస్తాయి.

బిగిసేది

అసలు తికమకంతా ఇక్కడే. జెల్ ఆరదు. ఫ్యాన్ కింద రోజంతా పెట్టినా తడిగానే ఉంటుంది. అందులో చిన్న చిన్న అణువులు విడివిడిగా ఉంటాయి. వాటితోపాటు వెలుగు తగిలితే పని మొదలుపెట్టే ఫోటో ఇనీషియేటర్ అనే పదార్థం కొంచెం ఉంటుంది. పార్లర్‌లో చెయ్యి పెట్టించే యూవీ ల్యాంప్‌లో 365 నుంచి 405 నానోమీటర్ల మధ్య వెలుగు పడగానే అది మేలుకుంటుంది, ఆ అణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి. ద్రవం కాస్తా ప్లాస్టిక్ అవుతుంది. మా మేనకోడలు చెప్పింది అక్షరాలా నిజం.

ఆ రోజు పార్లర్‌లో రెండు సంగతులు గమనించాను. మందంగా పూసిన బొటనవేలు ల్యాంప్‌లో పెట్టిన కాసేపటికి పిల్ల "అబ్బా" అని చెయ్యి లాగేసింది. అణువులు కలిసేటప్పుడు వేడి పుడుతుంది. పూత మందమైతే, గోరు పల్చనైతే ఆ వేడి చురుక్కుమంటుంది. చెయ్యి బయటికి తీసి, ఆగి, మళ్ళీ పెట్టాలి. ఓర్చుకోమనే పార్లర్ మంచిది కాదు. రెండోది, ల్యాంప్ నుంచి తీశాక కూడా పైన జిగురుగా ఉండటం. ఉడకలేదనుకుంటాం గానీ, అది గాలి చేసే పని. గాలిలోని ఆక్సిజన్ పైపొరని బిగుసుకోనివ్వదు. అందుకే చివర్లో స్పిరిట్ దూదితో తుడుస్తారు.

అక్రిలిక్‌కి ల్యాంప్ అక్కర్లేదు. వాటర్ ట్యాంకుకి చిల్లి పడితే రెండు ముద్దలు కలిపి ఎం-సీల్ పెడతామే, అలాంటి పద్ధతి. పొడి ఒకటి, ద్రవం ఒకటి, రెండూ బ్రష్షు కొసన కలిస్తే నిమిషాల్లో రాయిలా అవుతుంది. దీని పుట్టుక దంతవైద్యంలో ఉంది. 1954లో ఫ్రెడ్ స్లాక్ అనే అమెరికన్ దంతవైద్యుడు తన గోరు విరిగితే, పళ్ళకి వాడే అక్రిలిక్‌తోనే అతుకు వేసుకున్నాడు. ఆ అతుకే పెద్ద వ్యాపారమైంది. డిప్ పౌడర్‌ది ఫెవిక్విక్ జాతి, సయనోఅక్రిలేట్ జిగురు పూసి పొడి అంటిస్తారు. అందరి వేళ్ళూ ఒకే డబ్బాలో ముంచుతున్నారా, పొడిని స్పూనుతో పోస్తున్నారా అన్నది ముందే చూసుకోండి. ఇక ప్రెస్ ఆన్ అంటే ఎక్కడో బిగిసి వచ్చిన గోళ్ళని మనం జిగురుతో అంటించుకోవడం.

పదార్థాన్ని బట్టే డిజైన్ అన్నాను కదా, దాన్ని కళ్ళారా చూసింది ఆ పార్లర్ అమ్మాయి దగ్గరే. వాళ్ళది నరసాపురం వైపు, వాళ్ళమ్మ లేసు అల్లుతుంది. మా పిల్ల ఉంగరం వేలికి లేసు డిజైన్ కావాలంది. మెరూన్ పూత బిగిశాక ఆ అమ్మాయి తెల్ల జెల్‌లో సన్నటి బ్రష్షు కొసని తడిపి, గోటి మొదట్లో ఒక చుక్క పెట్టింది. దాని చుట్టూ ఐదు అరచంద్రాలు. మూడో అరచంద్రం దగ్గర ఆగి వేలిని ల్యాంప్ కింద కొద్ది క్షణాలు పెట్టి తీసింది. "గీత పాకిపోద్దండీ, ఆరదు కదా. అందుకే మధ్యమధ్యలో ఆపేస్తానండి ఆయ్" అంది. తర్వాత వరస, ఆ తర్వాత వరస. పెదవుల్లోనే ఏదో లెక్కపెట్టుకుంటోంది. ఏమిటని అడిగితే, "అమ్మ గొలుసులు లెక్కెట్టుకున్నట్టేనండి" అని నవ్వింది. క్రోషే సూదితో అయితే దారమే గీతని నిలబెడుతుంది, ఇక్కడ వెలుగు నిలబెట్టాలి. ఇదే లేసు మామూలు పాలిష్‌తో గీయబోతే బ్రష్షు కొస మీదే ఆరి తీగలు సాగుతుంది.

క్యాట్ ఐ కూడా అంతే. జెల్‌లో సన్నటి ఇనుప రజను కలిపి ఉంటుంది. పూత తడిగా ఉన్నప్పుడు పైన అయస్కాంతం పట్టుకుంటే రజను ఒక గీతగా చేరి పిల్లి కన్నులా మెరుస్తుంది. వెంటనే ల్యాంప్‌లో పెట్టకపోతే గీత చెదిరిపోతుంది. క్రోమ్ అంటే బిగిసిన నున్నటి పూత మీద అద్దంలాంటి పొడి రుద్ది, దాని మీద ఇంకో పారదర్శక పూత వేయడం. ఫ్రెంచ్ పుట్టింది ఫ్రాన్సులో కాదు. 1970ల మధ్యలో అమెరికాలో, ఓర్లీ కంపెనీ పెట్టిన జెఫ్ పింక్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. సీను మారినప్పుడల్లా హాలీవుడ్ తారల గోళ్ళ రంగు మార్చే బాధ లేకుండా, ఏ డ్రెస్సుకైనా నప్పేలా లేత గులాబీ గోరు, తెల్లటి కొస. మన వైపు పెళ్ళికూతుళ్ళు దాన్నే కొస బంగారు రంగుతో వేయించుకుంటున్నారు. ఉంగరం వేలి మీద వరుడి పేరులో మొదటి అక్షరం మాత్రం అందరూ అడుగుతున్నారట. నాకంత నచ్చదు, ఎవరిష్టం వాళ్ళది.

నీళ్ళు, కూరలు, గోళ్ళు

ఈ డిజైన్లన్నీ వీడియోల్లో చేసేవాళ్ళు అన్నం స్పూనుతో తింటారు. మనం చేత్తో కలుపుకుంటాం, రొయ్యలు వలుస్తాం, అంట్లు తోముతాం. గోరు నీటిని బాగా పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుంటుంది. పైనున్న ప్లాస్టిక్ మాత్రం అలా సాగదు. రోజుకి పదిసార్లు ఈ లాగుడు జరిగితే మూలల్లో పూత లేస్తుంది. లేచిన సందులోకి నీరు దిగి బయటికి రాకపోతే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరి గోరు ఆకుపచ్చగా మారుతుంది. దాని మీద ఇంకో కోటింగ్ వేసి దాచేస్తానంటే ఒప్పుకోకండి. తీసేసి, గోరుని పొడిగా ఉంచి, డాక్టరుకి చూపించుకోవాలి.

గోటి మొదట్లో ఉండే సన్నటి చర్మాన్ని నున్నగా కత్తిరించేయడం ఇంకో అలవాటు. లోపలికి నీరు, క్రిములు పోకుండా అది సీలు లాంటిది. దాన్ని కోసి, అదే చేత్తో చేపలు కడిగితే గోరుచుట్టు లేస్తుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత ఎందుకు పుట్టిందో నిమ్మకాయ తొడుక్కుని రాత్రంతా మేలుకున్నవాళ్ళకి తెలుసు. వెనక్కి నెట్టించుకోండి చాలు, కోయించుకోవద్దు.

పెళ్ళికో నిశ్చితార్థానికో ఒక్కరోజు మెరవాలంటే నా ఓటు ప్రెస్ ఆన్‌కే. సాయంత్రం గోరువెచ్చని సబ్బు నీళ్ళలో నానబెట్టి తీసేస్తే మర్నాడు ధైర్యంగా పులుసు కలుపుకోవచ్చు.

తీయడం

నేను దెబ్బతిన్నది ఇక్కడే. మూడేళ్ళ క్రితం ఒక పార్లర్‌లో జెల్ వేయించుకున్నాను. రెండు వారాలకి చూపుడువేలి మూల లేచింది. రావులపాలెం నుంచి బస్సులో వస్తూ, ఏమీ తోచక, దాన్ని గిల్లడం మొదలుపెట్టాను. గోటితో పోయేదే కదా అనుకున్నాను. సిద్ధాంతం ఊరు దాటేసరికి నాలుగు వేళ్ళ జెల్ పొరలు పొరలుగా ఊడొచ్చింది, గోటి పైపొరని కూడా పట్టుకుని. తెల్ల మచ్చలు పడి, గోరు కాగితంలా వంగింది. ఆ వేసవిలో ఆవకాయ అన్నం కలుపుకున్న ప్రతిసారీ వేళ్ళ కొసలు భగ్గుమన్నాయి. మొదలు నుంచి మంచి గోరు వచ్చేదాకా, పైన చెప్పిన లెక్కే, ఆరు నెలలు.

బిగిసిన జెల్ మళ్ళీ కరగదు. అసిటోన్ దాన్ని ఉబ్బించి పట్టు వదిలిస్తుంది, అంతే. పైపూతని కొంచెం గీరి, అసిటోన్ దూది పెట్టి, రేకు చుట్టి పది పదిహేను నిమిషాలు ఆగాలి. పుల్లతో నెడితే దానంతటదే రావాలి. రాకపోతే ఇంకో ఐదు నిమిషాలు ఆగాలి గానీ తోడేయకూడదు. తొందరపడి మెషీన్‌తో అరగదీస్తే జెల్‌తోపాటు గోరూ పోతుంది. "గోళ్ళకి గాలాడాలి, మధ్యలో నెల గ్యాప్ ఇవ్వండి" అంటారు గానీ గోరు ఊపిరి పీల్చదు, దానికి కావలసినవన్నీ కింద రక్తం నుంచే వస్తాయి. గ్యాప్ ఇవ్వమనడానికి వేరే కారణం ఉంది: అరిగిన భాగం ముందుకి జరిగే దాకా ఆగడం.

భయపడాల్సినవి, అక్కర్లేనివి

నిజంగా జాగ్రత్త పడాల్సింది అలర్జీ దగ్గర. బిగుసుకున్న జెల్ పెద్దగా ఏమీ చేయదు. బిగుసుకోని జెల్ చర్మానికి తగలడమే ప్రమాదం. అందులో ఉండే హెమా లాంటి అక్రిలేట్లు అనే రసాయనాలు పదే పదే తగిలితే ఒకరోజు శరీరం వాటిని శత్రువుగా గుర్తుపడుతుంది. వేలి కొసలు దురదపెట్టి, పగిలి, గోరు లేస్తుంది. ఒకసారి వస్తే చాలావరకు జీవితాంతం ఉంటుంది. పళ్ళ డాక్టరు వాడే ఫిల్లింగ్ పదార్థాల్లోనూ ఆ కుటుంబం రసాయనాలే ఉంటాయి. దంతవైద్యుడి బల్ల మీద నుంచి గోటికి వచ్చింది, తిరిగి ఆ బల్ల దగ్గరే ఇబ్బంది పెట్టగలదన్నమాట. ఐరోపా సమాఖ్యలో హెమా ఉన్న గోటి ఉత్పత్తుల్ని వృత్తి నిపుణులే వాడాలన్న నిబంధన ఉంది. ఇంట్లో కిట్ కొనుక్కుని ఒక కంపెనీ జెల్‌కి ఇంకో కంపెనీ ల్యాంప్ వాడితే, పైకి గట్టిగా ఉన్నా లోపల పచ్చిగా మిగిలే అవకాశం ఉంది. చర్మానికి జెల్ అంటితే ల్యాంప్‌లో పెట్టకముందే తుడిచేయాలి.

ల్యాంప్ వెలుగు గురించి 2023లో ఒక పరిశోధన వచ్చింది. ల్యాబ్‌లో పళ్ళెంలో పెంచిన కణాల మీద 20 నిమిషాలు వెలుగు వేస్తే 20 నుంచి 30 శాతం కణాలు చనిపోయాయి. అది పళ్ళెంలోని కణాల సంగతి. చర్మం కింద ఉన్న కణాలకి పైపొర అడ్డు ఉంటుంది, మనం వెలుగులో ఉండేదీ అంతసేపు కాదు. అలాగని పూర్తిగా కొట్టిపారేయాల్సిందీ కాదు. చేతులకి సన్‌స్క్రీన్ రాసుకుంటే, లేదా వేళ్ళ కొసలు కత్తిరించిన గ్లౌజు తొడుక్కుంటే సరిపోతుంది.

ఇక టీపీఓ. పైన చెప్పిన ఫోటో ఇనీషియేటర్లలో ఇదొకటి. జంతువుల మీద పరీక్షల్లో సంతానోత్పత్తికి హాని చేసినట్టు తేలిందని 2025 సెప్టెంబర్ 1 నుంచి ఐరోపా సమాఖ్య సౌందర్య సాధనాల్లో దాన్ని నిషేధించింది. అప్పుడు వాట్సాప్‌లో "జెల్ పాలిష్ బ్యాన్" అని తిరిగింది. నిషేధించింది జెల్‌ని కాదు, అందులో ఒక దినుసుని. అది లేని జెల్‌లు దొరుకుతున్నాయి. సీసా వెనక చదవండి, లేదా అడగండి. అడిగితే మొహం చిట్లించే చోట వేయించుకోకండి.

ఆపరేషన్ ఉందంటే మాత్రం ముందే తీయించుకోండి. వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ గోటి గుండా వెలుగు పంపి ఆక్సిజన్ లెక్క చూస్తుంది. ముదురు రంగులు ఆ లెక్కని కాస్త అటూ ఇటూ చేయగలవు. డాక్టర్లు గోటి రంగుని నేరుగా చూడాల్సి కూడా వస్తుంది.

మొన్న ఫోన్‌లో మేనకోడలు అట్లతద్దికి ప్లాన్ చెప్పింది. జెల్ తీయించేసి, ముందు గోరింటాకు పెట్టించుకుని, రెండు రోజులయ్యాక దాని మీద రంగు లేని పారదర్శక పూత వేయించుకుంటుందట. ఆ వరసలో అయితే రెండూ నిలబడతాయని చెప్పాను, ముందు ఇంకేది, తర్వాత బిగిసేది. వెనక నుంచి అమ్మ ఫోన్ లాక్కుంది.

"ఏమే, ఆ దీపంలో నా చెయ్యి పెడితే గోరింటాకు తొందరగా పండుద్దా?"

"లేదమ్మా, దానికి వెలుగుతో పని లేదు. వెచ్చగా ఉంటే చాలు."

"అదేగా," అంది, "నేను పాతచీర గుడ్డ చుట్టేది."